బుచ్చిబాబు గారి అడిషనల్సు

బుచ్చిబాబు గారు కలెక్టరు కాలేదు. అదొక్కటీ వదిలేస్తే, ఆయన కలెక్టరీ గురించి మిగతాదంతా ఐర్లండులోని అత్లోన్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ కంఠతా వచ్చు. నేను ఈ ఊరి మందుల కంపెనీలో చేరిన మొదటి వారంలోనే ఒక విడత విన్నాను. తర్వాత ఎన్ని విన్నానో లెక్క లేదు. ఏ రెండుసార్లూ ఒకేలా చెప్పలేదు కాబట్టి విసుగు పుట్టలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పెరటి షెడ్డులో కూర్చున్నాం. కరోనా వచ్చాక అది రెండో డిసెంబరు. ఒమిక్రాన్ అని కొత్తది దిగింది. ఎవరింట్లో కలిసినా మొత్తం నాలుగు ఇళ్ళవాళ్ళకి మించకూడదని గవర్నమెంటు చెప్పింది. బుచ్చిబాబు గారి భార్య సూర్యప్రభ గారు ఆసుపత్రిలో నర్సు. ఆవిడ దగ్గర నాలుగంటే నాలుగే. అది కూడా ఇంట్లో వద్దన్నారు. లాన్‌మోవర్‌ని మూలకి నెట్టి, షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి, కుర్చీలు దూరంగా వేసి, మధ్యలో చిన్న హీటర్ పెట్టారు. దాని వేడి ఎవరి కుర్చీ దాకా రాలేదు. బయట వాన, ఎప్పటిలాగే.

లోహిత కోసం పెట్టిన టీ అది. వరంగల్ అమ్మాయి, సూర్యప్రభ గారు పనిచేసే ఆసుపత్రిలోనే డాక్టరు. మర్నాడు పొద్దున్నే ఇండియాకి ప్రయాణం. సివిల్స్ మెయిన్స్ రాయాలి. అంటే కలెక్టరు కావాలంటే రాయాల్సిన వ్యాసాల పరీక్ష. రోజుల తరబడి కూర్చుని చెయ్యి పడిపోయేదాకా రాయాలి. అంతకుముందే రెండుసార్లు రాసి రెండుసార్లూ అక్కడే పోగొట్టుకుంది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇది ఆఖరుసారి. జనవరితో ఆసుపత్రి కాంట్రాక్టు అయిపోతుంది, దాన్ని పొడిగించమని కూడా అడగలేదు. ఇటు తలుపేసుకుని అటు వెళ్తోంది.

తెలివికేం లోటు లేదు. చిక్కంతా రాతలోనే. వార్డులో కేస్ షీటు రాసినట్టు రాస్తుంది. దేశంలో పిల్లల పౌష్టికాహార లోపాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి అంటే, కారణం, లక్షణం, చికిత్స అని మూడు ముక్కలు రాసి ముగించేస్తుంది. ఆన్‌లైన్ కోచింగ్‌లో రాసిన టెస్టు పేపర్లన్నీ ఎర్ర సిరాతో 'విస్తరించండి' అని తిరిగొచ్చాయట. అది చెప్పుకుని బాధపడుతుంటే బుచ్చిబాబు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"కొద్దిగా వెనక్కి," అన్నారు సూర్యప్రభ గారు. ఆయన వెనక్కి జరిపి మొదలుపెట్టారు.

"చూడు లోహితా, నీ రోగం నాకు తెలిసిపోయింది. నువ్వు ప్రశ్నకి జవాబు రాస్తున్నావు. అదే తప్పు. ప్రశ్న ఒక సాకమ్మా. పెళ్ళిచూపులకి వెళ్ళి గుమ్మంలోనే పిల్లేదీ అని అడుగుతామా? కూర్చుంటాం, మంచినీళ్ళు పుచ్చుకుంటాం, ఎండలు మండిపోతున్నాయంటాం. అది ఇంట్రడక్షన్. తర్వాత మీ ఇంటిపేరేంటి, మీ మేనమామలెవరు అని చుట్టరికాలు తీస్తాం. అది బాడీ. లేచేటప్పుడు అన్నీ మంచే జరుగుతాయండీ అంటాం. అది కంక్లూజన్. ఈ మూడూ కుదిరితే పిల్ల సంగతి ఎత్తకపోయినా మార్కులు పడతాయి."

"పిల్లనీ ఇచ్చేస్తారు," అన్నాడు యెషయా. గుంటూరు అతను, ఊళ్ళో ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో వాళ్ళని చూసుకునే కేరర్. బుచ్చిబాబు గారి మాటలకి ఎదురు మాట వేయడం కోసమే ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా ఇక్కడికి వస్తాడు.

"నేనేం గొప్పలు చెప్పట్లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. హైదరాబాదు అశోక్‌నగర్‌లో రూము తీసుకున్న కొత్తలు. కోచింగ్ సెంటర్లో వారం వారం టెస్టు. గోదావరి వరదల నివారణకి చర్యలు రాయమన్నారు. పక్కవాళ్ళంతా కమిటీలనీ కట్టలనీ రాస్తున్నారు. నేనేం రాశానో తెలుసా? మా గోదావరి లంకలో మా మేనత్త లక్ష్మీకాంతం గారింట్లోకి నీళ్ళెలా వచ్చాయో రాశాను. ముందు పెరట్లోకి, తర్వాత వంటింట్లోకి, ఆవకాయ జాడీ తేలడం, దాని వెనక మా మేనత్త నడుంలోతు నీళ్ళలో వెళ్ళడం. చివర్లో, ప్రభుత్వం జాడీల విషయంలో తగిన చర్యలు తీసుకోవాలి అని ముగించాను. సారు దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయాడు. క్లాసులో నిలబడి చదివి వినిపించాడు. అంతే. పెద్ద విషయమేం కాదు."

"ఎన్నొచ్చాయి అన్నా?"

"పదికి ఆరున్నర. అశోక్‌నగర్‌లో ఆరున్నరంటే బయటి లోకంలో పద్నాలుగు కింద లెక్క."

లోహిత నవ్వింది. ఆ వారంలో ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆయనకి ఊపొచ్చింది.

"అసలు కిటుకు ఇంకోటుంది. అది ఎవరికీ చెప్పను. నువ్వు రేపు వెళ్ళిపోతున్నావు కాబట్టి చెప్తున్నా. పేజీ పైన శ్రీ చుట్టాలి. నవ్వకు యెషయా. నాకు అక్షరాలు దిద్దించింది మా మేనత్తే. శ్రీ చుట్టకుండా పలక మీద బలపం పెడితే వేళ్ళ మీద కొట్టేది. మా ఇంట్లో చాకలి పద్దు మీదా శ్రీయే, ఇల్లు కారుతోందని పంచాయతీకి పెట్టుకున్న అర్జీ మీదా శ్రీయే. ఆవిడ చేతి చలవేమో గాని, నేను శ్రీ చుడితే దాని తోక మూడు చుట్లు తిరిగి మార్జిన్ దాకా వచ్చి ఆగుతుంది. దిద్దేవాడు ముందు దాన్ని చూస్తాడు. సగం మార్కులు అక్కడే వేసేస్తాడు."

"నవ్వట్లేదన్నా. మేం సిలువ వేసేవాళ్ళం. టెన్త్‌లో ప్రతి పేపరు మీదా వేశాను. లెక్కల పేపరు మీదైతే రెండు."

"లెక్కలు పాసయ్యావా లేదా?"

"పాసయ్యాను."

"మరి? చూశావా లోహితా? దేవుడెవరైతేనేం, పైన ఒక చెయ్యి ఉండాలి. ఇదిగో." జేబులోంచి నల్లటి పెన్ను తీశారు. మూత మీద బంగారు రంగుతో శ్రీ రాసుంది, తోక మూడు చుట్లు తిరిగి కింద దాకా వచ్చింది. "నిన్న సాయంత్రం కూర్చుని నేనే రాశాను. సన్న కుంచె ఈ ఊళ్ళో దొరకలేదు, సూర్యప్రభ కంటి కాటుక పుల్లతో రాశాను. దీంతో రాయి. ప్రతి పేపర్లో ముందు పైన శ్రీ, తర్వాత కింద నీ ఇష్టం."

లోహిత పెన్ను తీసుకుని మూత వైపు చూసింది. ఏదో అనబోయింది. ఆయన అప్పటికే పరీక్ష హాల్లోకి వెళ్ళిపోయారు.

"కోచింగ్ సంగతి వదిలెయ్. అది పిల్ల కాలువ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెయిన్స్ వచ్చింది. హాల్లో కూర్చున్నాం. బెల్లు కొట్టకముందే అందరూ తలొంచుకుని మొదటి పేజీలో సూచనలు చదువుతున్నారు. ఇన్విజిలేటరమ్మ కూడా అవే సూచనలు ఇంగ్లీషులో గడగడా చదివేస్తోంది. నేను వింటానా? చదువుతానా? సూచనలు చదివేవాడు గుమాస్తా అవుతాడు యెషయా, సూచనలు ఇచ్చేవాడు కలెక్టరవుతాడు. కళ్ళు మూసుకుని ఇంట్రడక్షన్ కట్టుకుంటూ కూర్చున్నాను. బెల్లు కొట్టారు. ఎస్సే పేపరు. నీటి నిర్వహణ గురించి వ్యాసం రాయమన్నారు. నా సామిరంగా, నీళ్ళ గురించి నన్ను అడిగారు. గోదారోణ్ణి."

"అయిపోయారు పాపం," అన్నాడు యెషయా.

"శ్రీ చుట్టాను. గోదావరి నాసిక్ దగ్గర పుట్టింది అని మొదలుపెట్టాను. ఆన్సర్ బుక్ అయిపోయింది. చెయ్యెత్తి అడిషనల్ అడిగాను. అది కూడా అయిపోయింది, నేనింకా మహారాష్ట్రలోనే ఉన్నాను. ఇంకోటి. ఇంకోటి. ప్రతి అడిషనల్ పైనా శ్రీ, దానికి తోక, తోకకి చుట్లు. బాసర చేరేసరికి హాల్లో అడిషనల్స్ అయిపోయాయి. పక్క హాల్లోంచి తెచ్చారు. మంథని దాటేసరికి అవీ అయిపోయాయి. అటెండర్ని సైకిలు మీద ఇంటర్ బోర్డుకి పంపించారు. వాడొచ్చేసరికి నేను కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిసే చోట ఆగి ఉన్నాను. రెండు నదులు కలిసిపోతున్నాయి, కాగితం లేదు. ఎంత నరకం చెప్పు."

"ఇప్పుడు అడిషనల్స్ ఇస్తలేరు అంకుల్," అంది లోహిత. "ప్రశ్న కిందనే జాగా ఉంటది. గందులనే రాయాలె. దాటితే చూడరు."

"నా తర్వాతే మానేశారమ్మా. ఎవరివల్ల మానేశారనుకున్నావు?"

దానికి మేము ముగ్గురం నవ్వాం. సూర్యప్రభ గారు పకోడీల పళ్ళెం తెచ్చి, ఎవరి పేపరు ప్లేటు వాళ్ళకి విడిగా వేసి, గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆవిడకి రాత్రి డ్యూటీ. అప్పటికే సగం తయారై ఉన్నారు.

"వినండి మరి. భద్రాచలం దాకా కాగితాలు సరిపోయాయి. పాపికొండల మధ్య మలుపు తిరుగుతుంటే దారం అయిపోయింది. అడిషనల్స్ కట్టాలంటే దారం కావాలిగా. ఇన్విజిలేటరమ్మ బంగారం లాంటి మనిషి, తన చీర కుచ్చిళ్ళ దగ్గర ఫాలు కుట్టు విప్పి ఆ దారం ఇచ్చింది. అది పోలవరం దాకా వచ్చింది. తర్వాత జెండా కర్రకున్న తాడు విప్పి తెచ్చారు. నా పెన్ను పాళీ వేడెక్కి ఎర్రబడిపోయింది. అటెండరు దాన్ని మంచినీళ్ళ కుండలో ముంచి తీసిచ్చాడు, చుయ్యిమంది. పక్కవాళ్ళంతా వాళ్ళ పేపర్లు పక్కన పడేసి నావైపే చూస్తున్నారు. ఒకతను, ఇప్పుడెక్కడికొచ్చింది గురూ అని అడుగుతున్నాడు. రాజమండ్రి, అన్నాను. వాళ్ళత్తవారి ఊరట. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఉందిగా," అన్నాను నేను. "అక్కడన్నా ఆపాల్సింది."

"ఆపుదామనే అనుకున్నాను హేమచంద్. కంక్లూజన్ రాయడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంది? కానీ వరద సమయమాయె. గేట్లు ఎత్తక తప్పలేదు. నేను గేట్లెత్తాను అని రాయడం, హాల్లో కాళ్ళ కింద చల్లగా తగలడం. ఏంటా అని చూస్తే నీళ్ళు. ఒట్టు. ఇన్విజిలేటరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుంది. అందరూ కాళ్ళు బెంచీల మీద పెట్టుకున్నారు. ఎవరిదో టిఫిను డబ్బా తేలుకుంటూ పోతోంది. మా మేనత్త ఆవకాయ జాడీ గుర్తొచ్చింది నాకు. ఆ అమ్మ దణ్ణం పెట్టింది, బాబూ, ఇంక సముద్రంలో కలిపెయ్యి అంది. సరే పాపమని అంతర్వేది దగ్గర కలిపేసి, ఫుల్‌స్టాప్ పెట్టాను."

"ఎన్నో బెల్లుకి?"

"ఆఖరి బెల్లుకి. టైము విషయంలో నాకు పేరు పెట్టేవాడు లేడు."

లోహిత పకోడీ చేత్తో పట్టుకుని తినడం మర్చిపోయింది. "నేను గంటల రెండు పేజీలు కూడ రాస్తలేను అంకుల్," అంది. ఆ మాట నవ్వుతూ అన్నది కాదు. "బుర్రల ఉంటది. చెయ్యి రాయదు. ఈసారి కూడ గట్లనే అయితదేమో అని భయమైతుంది. ఈడ ఉద్యోగం వదులుకున్న. ఇంట్ల చెప్పలే."

బుచ్చిబాబు గారు గొంతు తగ్గించి, "భయం దేనికమ్మా, నేను చెప్పినట్టు రాయి," అన్నారు. ఆయన కోతలు కోస్తున్నది మమ్మల్ని నవ్వించడానికి కాదు, ఆ పిల్ల భయం మీద ఏదో ఒకటి కప్పడానికేమో అని నాకు మొదటిసారి అనిపించింది. కానీ ఆయన అక్కడ ఆగే మనిషి కాదు.

"ఆ పేపరు సంగతి ఇంకా అవలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కట్ట తలుపులోంచి బయటికి రాలేదు. గుమ్మం చెక్కలు ఊడదీశారు. ఢిల్లీకి గూడ్సులో ఎక్కించారు. ముందొక ఇంజను లాగుతోంది, వెనకొకటి తోస్తోంది. దిద్దడానికి మొదట రాజస్థాన్ ఆయన దగ్గరికి వెళ్ళింది. మొదటి పేజీ తెరిచాడు. అన్ని నీళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు, ఈతా రాదు. మూసేశాడు. రెండో ఆయన కొంచెం గుండె గలవాడు. పైనున్న శ్రీ తోక పట్టుకుని లోపలికి దిగాడు. భద్రాచలం చేరేసరికి రిటైరయ్యాడు."

"మూడో ఆయన?"

"రెండో ఆయన కొడుకు. తండ్రి వదిలిన చోట అందుకున్నాడు."

యెషయా కప్పు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నా, కరోనా గురించి కూడ ఏదో రాసుంటారే మీరు. అప్పట్లోనే."

"అడిగావు కాబట్టి చెప్తున్నాను. లేకపోతే చెప్పేవాణ్ణి కాదు. ఇక్కడ గవర్నమెంటు లెవెల్ వన్ నుంచి లెవెల్ ఫైవ్ దాకా ఐదు మెట్లు పెట్టింది కదా, ఏ మెట్టు మీద ఏది తెరవాలి, ఏది మూయాలి అని. అది ఎక్కడిది? నా జనరల్ స్టడీస్ పేపర్లో విపత్తు నిర్వహణ ప్రశ్న. అందులో నా ఫ్లోచార్టు. ఐదు డబ్బాలు, మధ్యలో బాణాలు. ఉన్నదున్నట్టు దింపేశారు. ఈ రెండు మీటర్ల దూరం కూడా నాదే. నేను వదిలిన మార్జిను."

"అత్లోన్‌లో రెండేళ్ళుగా మీ మార్జిన్లో కూర్చున్నామన్న మాట," అన్నాను.

"మీ పేపరు ఐర్లండుకి ఎట్టా వచ్చింది అన్నా?"

"ఎలా వస్తుంది? అంతర్వేది దగ్గర సముద్రంలో కలిపానా లేదా? సముద్రాలన్నీ ఒకటే నీళ్ళు. మన పులస సముద్రంలోంచి గోదాట్లోకి ఎదురెక్కదూ? నా పేపరు అలాగే ఈ షానన్ నదిలోకి ఎదురెక్కింది. మన ఊరి వంతెన దాకా వచ్చింది. ఇక్కడి పెద్దమనుషులెవరో చూసి తీసుకున్నారు. గ్రాండ్, అనుకుని వాడేసుకున్నారు. నేను అడగలేదు. పోన్లే, ఒక దేశం బాగుపడింది."

వాన గట్టిపడింది. షెడ్డు రేకు మీద మోత ఎక్కువై ఆయన గొంతు పెంచారు. అప్పుడు యెషయా, ప్రతిసారీ అడిగే ప్రశ్నే అడిగాడు. ప్రతిసారీ దానికి కొత్త జవాబు ఉంటుంది.

"ఇంత రాసి, కలెక్టరు ఎందుకు కాలేదన్నా?"

"మార్కుల వల్ల."

"అంటే?"

"మార్కుల లిస్టు వచ్చింది. ఎస్సేకి సున్నా. జనరల్ స్టడీస్‌కి సున్నా. తెలుగు సాహిత్యం, నా సొంత భాష, దానికీ సున్నా. మరుసటేడు రాశాను, మళ్ళీ సున్నాలు. నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ అదే."

"ఆ సున్నాలు చూసే మా నాన్న పిల్లనిచ్చాడు," అన్నారు గుమ్మం దగ్గరినుంచి సూర్యప్రభ గారు. "ఇతను ఇంకెక్కడికీ పోడులే, అమ్మాయి వెంటే ఉంటాడు అని."

"అక్కడే మీ నాన్న పొరపాటు పడ్డాడు. ఆ సున్నా అర్థం ఆయనకి తెలీదు. మా మామయ్య చేతక్ స్కూటరుకి మీటరుండేది. ఐదు గళ్ళలోనూ తొమ్మిదులు నిండాయి. ఆ తర్వాత ఇంకొక్క కిలోమీటరు నడిపాడు. ఏమైంది? అన్నీ సున్నాలు. స్కూటరు నడవలేదనా దానర్థం? నడిచీ నడిచీ మీటరు చాల్లేదని. నా మార్కులూ అంతే. వేసే గడి చాల్లేదు. ఇంకా అసలు మాట చెప్పనా? వాళ్ళు దిద్దనే లేదు. దిద్దగలిగినవాడు దేశంలో లేడు. నా పేపరు దిద్దాలంటే దిద్దేవాడికి నాకంటే ఎక్కువ తెలియాలి, అలాంటివాణ్ణి ఎక్కణ్ణించి తెస్తారు? బల్ల మీద పెట్టుకుని చుట్టూ తిరిగారు. దణ్ణం పెట్టారు. పక్కన పెట్టేశారు. నాలుగేళ్ళలో నా పేపరు ఒక్కడంటే ఒక్కడు దిద్దలేదు. రాసి పెట్టుకోండి."

"ఇందాక రెండో ఆయన రిటైరయ్యాడన్నారు."

"తెరిచాడు. దిద్దలేదు. తెరవడం వేరు, దిద్దడం వేరు. అందుకే లోహితా, నేను చెప్పేదొకటే. ఎంత రాస్తావన్నది తర్వాత సంగతి. ముందు పైన శ్రీ..."

"అంకుల్," అంది లోహిత.

ఆ పిల్ల పెన్ను మూత వైపు చూస్తోంది. చాలాసేపటినుంచి అదే చూస్తోందని నాకు అప్పుడు తట్టింది.

"ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. మెయిన్స్‌ల కూడ శ్రీ చుట్టిన్రా? నిజంగ?"

"చెప్పానుగా. ప్రతి పేపర్లో, ప్రతి అడిషనల్ మీద."

"నాలుగుసార్లు కూడ?"

"నాలుగుసార్లూ. మా మేనత్త బతికుండగా ఒకసారి, పోయాక మూడుసార్లు."

ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. వార్డులో రోగి తాలూకు వాళ్ళకి కబురు చెప్పేముందు డాక్టర్లు అలాగే తీసుకుంటారనుకుంటాను.

"అయితే మీరు చెప్పింది నిజమే అంకుల్. మీ పేపరు ఎవ్వరు దిద్దలే."

బుచ్చిబాబు గారు నవ్వబోయారు.

"మొదటి పేజీల సూచనలల్ల ఉంటది అంకుల్. ఇన్విజిలేటరు చదువుతది, గదే. పేరు రాయొద్దు, సంతకం పెట్టొద్దు, దేవుని పేరు గాని గుర్తు గాని ఏది పెట్టొద్దు. రాసినోళ్ళు ఎవరో దిద్దేటోళ్ళకు తెల్వద్దని. శ్రీ అయినా, ఓం అయినా, సిలువ అయినా ఒకటే. గట్ల ఏదన్న కనవడితే ఆ పేపరు చదవరు. పక్కన పెట్టి సున్నా వేస్తరు."

నాకు నవ్వు రావాల్సిన చోటది. రాలేదు. ఇన్నేళ్ళుగా ఆయన గాలి తీసేవాడెవడా అని ఎదురుచూసినవాణ్ణి, తీరా తీసేసరికి తల ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. యెషయా కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ రూలు ఈమధ్య పెట్టి ఉంటారు," అన్నారు బుచ్చిబాబు గారు.

"మా డాడీ మీ టైములనే రాసిండు అంకుల్. అప్పుడు కూడ ఉండె. నేను పరీక్షలు మొదలుపెట్టినప్పుడు డాడీ ఫస్ట్ చెప్పింది గదే."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. వేళ్ళు ఒకసారి గాల్లో ఏదో చుట్టి ఆగిపోయాయి.

"రఫ్ పేజీలో కూడానా?"

"రఫ్ పేజీల కూడ."

"అంటే... చదవలేదంటావు."

"చదవలే అంకుల్."

"బాగా లేదని కాదు."

"బాగ లేదనాలన్నా చదవాలె కద."

ఆయన తలుపు వైపు తిరిగి సూర్యప్రభ గారిని చూశారు. ఆవిడ లోపలికి వచ్చి ఆయన కప్పులో చల్లారిన టీ బయట గడ్డిలో పారబోసి, ఫ్లాస్కులోంచి వేడిది పోసిచ్చారు. ఆయన తాగలేదు. చెయ్యి చాచి లోహితని పెన్ను అడిగారు. ఆ పిల్ల లేచి వచ్చి ఇచ్చింది. రెండు మీటర్ల సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

ఆయన మూతని కిటికీ వెలుతురు వైపు తిప్పి, బొటనవేలి గోటితో శ్రీ తోక చివర్నించి గీకడం మొదలుపెట్టారు. రంగు ఎండి గట్టిపడింది, తొందరగా రాలలేదు.

"పెన్ను మీద ఉంటే ఏమనరు అంకుల్," అంది లోహిత. "పేపరు మీదనే వద్దు."

"ఉండమ్మా," అన్నారు ఆయన, గీకుతూనే. "మనలో ఒక్కళ్ళ పేపరైనా ఎవరో ఒకళ్ళు దిద్దాలి గదా."